దోవలో ఉన్న రెండు వేలు

ఇన్నాళ్ళూ మీరు రాసినవి చదవడమే గాని నేను ఎప్పుడూ రాయలేదు. ఇది కొంచెం పెద్ద పోస్ట్. మధ్యలో లెక్కలు వస్తాయి, కానీ కూడికలు వస్తే చాలు. ఓపిగ్గా చదవండి.

నేను అనంతపురంలో డిగ్రీ మూడో సంవత్సరం, మ్యాథ్స్, కంప్యూటర్స్. హాస్టల్లో ఉంటాను. మా ఇంట్లో కాలేజీ గేటు దాటింది నేనే మొదలు. మా బా బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు. మా యాడి తండాలో ఉంటుంది, ఉపాధి పని ఉన్నప్పుడు ఉపాధికి, లేనప్పుడు కూలికి పోతుంది. ఉన్న మూడెకరాల్లో శెనక్కాయ వేస్తాం. వాన పడితే పంట, పడకపోతే పశువుల మేత. ఈ జిల్లా వాళ్ళకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

పోయిన సెమిస్టర్ ఎగ్జామ్ ఫీజుకు, మెస్ బాకీకి కలిపి రెండు వేలు కావాల్సి వచ్చింది. గురువారం ఆఖరి రోజు. బా దగ్గర ఉండేది బటన్ ఫోను, అది కూడా ఛార్జింగ్ నిలబడదు. బుధవారం సాయంత్రం సైటు పక్కన అంగడాయనకు నగదు ఇచ్చి, ఆయన ఫోను నుంచి నా నెంబరుకు కొట్టించినాడు. తర్వాత మేస్త్రీ ఫోను నుంచి నాకు చేసి "పంపినా అమ్మా, చూసుకో" అన్నాడు. చూసుకున్నా. రాలేదు. రాత్రి పన్నెండు దాకా చూసినా రాలేదు. గురువారం మధ్యాహ్నం మళ్ళీ మేస్త్రీ ఫోనుకు నేనే చేసినా. బా "నిన్ననే పోయిందంట కదా" అన్నాడు. అప్పుడు నేను ఒక మాట అన్నాను. మేము ఇంట్లో మా భాషే మాట్లాడతాం, ఆ మాట మా భాషలో ఇంకా గట్టిగా తగులుతుంది. తెలుగులో చెప్పాలంటే, "తాగేసి పంపినా అని చెప్పొద్దు" అన్నాను. అవతల ఏమీ మాట్లాడలేదు. ఫోను కట్ అయింది.

ఫీజు నా రూమ్మేట్ కట్టింది. ఆ తర్వాత తొమ్మిది రోజులు బా నుంచి ఫోను లేదు.

పదో రోజు పొద్దున హాస్టల్ వాచ్‌మన్ పిలిచి ఒక మడత కాగితం ఇచ్చినాడు. లేడీస్ హాస్టల్ కాబట్టి మగవాళ్ళను లోపలికి రానీరు, మా తండా కాకా ఒకాయన గేటు దగ్గర ఇచ్చి పోయినాడంట. కాగితంలో నాలుగు ఐదు వందల నోట్లు. కాగితం మీద తేదీ, టైము, 2,000, దాని కింద పన్నెండు అంకెల నెంబరు, రెండు ముక్కలు కన్నడంలో. కన్నడ అక్షరాలు మనకు సగం తెలిసినట్టే ఉంటాయి కదా, కూడబలుక్కుని చదివినా. డబ్బు తిరిగి వచ్చింది అని రాసి ఉంది. తేదీ ఆ బుధవారమే. టైము బా నాకు ఫోను చేసిన దానికి పది నిమిషాల ముందు.

జరిగింది ఇది. బుధవారం అంగడాయన ఖాతాలో డబ్బు కట్ అయింది, నా ఖాతాలో పడలేదు. మరుసటి రోజు సాయంత్రం ఆయన ఖాతాకే వెనక్కి వచ్చింది. ఆయన మంచివాడు, పిలిచి బా చేతికి ఇచ్చేసి, బా అడిగితే ఈ కాగితం రాసిచ్చినాడు. బా ఆ నోట్లు కాగితంలో చుట్టి, ఊరికి పోతున్న కాకాకు ఇచ్చినాడు. కాకా నేరుగా రాకుండా హిందూపురం దగ్గర అత్తగారింటి పెళ్ళికి పోయి, అక్కడ నాలుగు రోజులుండి, తండాకు పోయి, ఆసుపత్రి పనిమీద అనంతపురం వచ్చినప్పుడు ఇచ్చినాడు. ఈ లోపు మేస్త్రీ వేరే సైటుకు పోయినాడు, ఆ ఫోను కూడా పోయింది. డబ్బు అందగానే కూతురే ఏదో ఒక రకంగా కబురు చేస్తుందని బా చూస్తున్నాడు. కోపం తగ్గినాక బానే చేస్తాడని నేను చూస్తున్నా. ఇద్దరమూ అవతలి మాట కోసం కాచుకుని కూర్చున్నాం. దీన్ని మా పుస్తకంలో డెడ్‌లాక్ అంటారు. పరీక్షలో దాని నిర్వచనం ఐదు మార్కులకు రాసి ఐదూ తెచ్చుకున్నదాన్ని నేను.

ఇక పాఠంలోకి వస్తా. అదే నెలలో మా కంప్యూటర్స్ సార్ సెమినార్ టాపిక్‌లు చీటీలు వేసి తీయించినారు. నాకు డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ వచ్చింది. మా సిలబస్‌లో అది సరిగా లేదు. ఎన్‌పీటెల్ వీడియోలు చూసి, పాత పేపర్లు పీడీఎఫ్‌లు ఫోనులో పెట్టుకుని డిక్షనరీతో చదివినా.

ఆ లెక్కల మోడల్ చాలా బీద మోడల్. కొందరు ఉంటారు, వాళ్ళను ప్రాసెస్‌లు అంటారు. ఒక్కొక్కరికి తన జ్ఞాపకం తనకే. అందరూ చూసుకునే బోర్డు లేదు. అందరికీ ఒకే గడియారం లేదు. ఒకరికొకరు కబురు పంపుకోవచ్చు, అంతే. కబురు ఎంతసేపటికి చేరుతుందో చెప్పలేం. ఒక ప్రాసెస్‌కు తెలిసేది రెండే: తన దగ్గర ఏముంది, తనకు ఏ కబురు వచ్చింది. చదువుతుంటే ఇది మా ఇల్లే కదా అనిపించింది. బెంగళూరులో ఒకరు, తండాలో ఒకరు, హాస్టల్లో ఒకరు.

ఈ దారిలో చాలామంది పనిచేసినారు. 1973లో కార్ల్ హ్యూవిట్, ఆయనతో ఇంకో ఇద్దరు యాక్టర్ మోడల్ అని చెప్పినారు. 1978లో టోనీ హోర్ ఇంకో పద్ధతి చెప్పినాడు. ఆయన దాంట్లో ఇచ్చేవాడూ తీసుకునేవాడూ ఇద్దరూ ఒకేసారి సిద్ధంగా ఉంటేనే కబురు చేయి మారుతుంది, వాచ్‌మన్ దగ్గర పెట్టిపోవడం కుదరదు. రాబిన్ మిల్నర్, ఇంకో ఇద్దరు 1992లో పై-కాల్కులస్ రాసినారు. అందులో నాకు నచ్చింది ఏమిటంటే కబురులో ఇంకో దోవ పేరునే పంపొచ్చు. మేస్త్రీ మారినప్పుడు బా కొత్త మేస్త్రీ నెంబరు చెప్తాడే, అది. ఆ రోజు నుంచి మా ఇంటి బొమ్మే మారిపోతుంది. వీటన్నిటి గురించి నాకు పైపైనే తెలుసు. సెమినార్‌లో కూడా పైపైనే చెప్పి దాటేసినా.

ఒక పేరు దగ్గర మాత్రం ఆగినా. 1975లో అక్కొయున్లు, ఏకనాథం, హ్యూబర్ అని ముగ్గురు ఒక పేపర్ రాసినారు. నడుమ ఉన్నాయన పేరు చూస్తే మన తెలుగు పేరులాగే ఉంది, చదివి సంబరపడినా. వాళ్ళ ఉదాహరణలో రెండు దొంగల ముఠాలు. తర్వాత 1978లో జిమ్ గ్రే దాన్ని ఇద్దరు సేనాపతుల కథగా మార్చి చెప్పినాడు, ఆ పేరే నిలిచింది. ఇద్దరూ ఒకే సమయానికి దాడి చేయాలి, కబురు మోసేవాడు దోవలో పట్టుబడొచ్చు. "రేపు పొద్దున" అని ఒకాయన పంపుతాడు. అందిందో లేదో తెలీదు. "అందింది" అని రెండో ఆయన పంపుతాడు. ఆ "అందింది" అందిందో లేదో ఈయనకు తెలీదు. ఇట్ల ఎన్నిసార్లు పంపుకున్నా ఇద్దరికీ పూర్తి నమ్మకం ఎప్పటికీ రాదని రుజువు చేయొచ్చు. రుజువు చిన్నది. నమ్మకం కుదిరిందనుకున్న పద్ధతుల్లో అన్నిటికన్నా తక్కువ కబుర్లతో అయ్యేది తీసుకో. దాంట్లో చివరి కబురు దోవలో పోయిందనుకో. పంపినవాడికి అది పోయిన సంగతి తెలీదు, వాడు దాడికి దిగుతాడు. కాబట్టి రెండోవాడు కూడా అది అందకపోయినా దిగాల్సిందే. అంటే ఆ చివరి కబురు అవసరమే లేదు. అది లేకుండానే అయిపోతుంటే మనం తీసుకున్నది తక్కువ కబుర్ల పద్ధతి ఎట్ల అవుతుంది? మన తండాల్లో మిస్డ్ కాల్ కొట్టి "చేరినా" అని చెప్పుకున్న రోజులు గుర్తున్నవాళ్ళకు ఈ రుజువు వేరే చెప్పక్కర్లేదు.

నాకు నిద్ర పట్టనీయకుండా చేసింది వేరే పేపర్. మణి చాంది, లెస్లీ లాంపోర్ట్ రాసింది, 1985 ఫిబ్రవరిలో అచ్చయింది. చాంది మన దేశం నుంచి పోయినవాడే, ఐఐటీ మద్రాసులో 1965లో బీటెక్ చేసి, 1969లో ఎంఐటీలో పీహెచ్‌డీ చేసినాడు. లాంపోర్ట్ ఒకచోట ఈ పేపర్ పుట్టిన కథ రాసినాడు. ఆయన చాందిని చూడ్డానికి పోతే రాత్రి భోజనం దగ్గర చాంది ఈ ప్రశ్న వేసినాడంట. మరుసటి పొద్దున స్నానం చేస్తుంటే లాంపోర్ట్‌కు జవాబు తట్టింది. చెప్దామని చాంది ఆఫీసుకు పోతే, ఆయన అదే జవాబుతో ఈయన కోసం కూర్చుని ఉన్నాడంట.

ప్రశ్న ఏమిటంటే, ఇట్ల విడివిడిగా ఉన్నవాళ్ళందరి పరిస్థితి కలిపి ఒక ఫోటో తీయడం ఎట్ల? అందరినీ ఒక్క క్షణం కదలకుండా నిలబెట్టలేం, ఒకే గడియారం లేదు కదా. పేపర్ మొదట్లో వాళ్ళు చెప్పిన పోలిక వలస పక్షులు. ఆకాశం నిండా వలస పక్షులు ఎగురుతున్నాయి. ఒక్క ఫోటోలో పట్టవు. చాలామంది ఫోటోగ్రాఫర్లు తలా ఒక ముక్క తీసి అతికించాలి. ముక్కలన్నీ ఒకే క్షణంలో తీయలేరు, తీస్తున్నంతసేపు పక్షులు ఆగవు, అయినా అతికించిన బొమ్మకు అర్థం ఉండాలి. చిలమత్తూరు దగ్గర వీరాపురం చెట్ల మీదికి కొంగలు వచ్చే కాలంలో అటు పోయినవాళ్ళకు ఆ కష్టం ఏమిటో తెలుస్తుంది. నేను "వలస" అన్న మాట దగ్గరే ఆగిపోయినా.

ఇప్పుడు కూడికలు. బా దగ్గర 3,000, నా దగ్గర 500, యాడి దగ్గర 1,500 అనుకోండి. ఇంటి మొత్తం 5,000. బా నాకు 2,000 పంపినాడు, అది ఇంకా దోవలో ఉంది. ఇప్పుడు ముగ్గురి జేబులు లెక్కపెడితే 1,000, 500, 1,500. మొత్తం 3,000. రెండు వేలు మాయం. సరే, ఇంకో రకంగా లెక్కపెడదాం. బా పంపకముందే ఆయన జేబు లెక్క రాసుకున్నా, 3,000. నాకు డబ్బు చేరినాక నా జేబు లెక్క రాసుకున్నా, 2,500. యాడిది 1,500. మొత్తం 7,000. లేని రెండు వేలు పుట్టింది. ఏ ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. మూడు లెక్కలూ నిజమే, కూడితే తప్పు.

వాళ్ళు చెప్పిన ఉపాయం ఇది. లెక్క మొదలుపెట్టేవాళ్ళు తమ జేబు రాసుకుని, అన్ని దోవల్లో ఒక గుర్తు పంపాలి. దాన్ని మార్కర్ అంటారు. మార్కర్ మొదటిసారి అందినవాళ్ళు వెంటనే తమ జేబు రాసుకుని, వేరే పని ఏదీ చేయకముందే అన్ని దోవల్లో మార్కర్ పంపాలి. తన జేబు రాసుకున్న తర్వాత, ఒక దోవలో మార్కర్ వచ్చేలోపు ఆ దోవలో ఏమేం వచ్చిందో అది విడిగా రాసుకోవాలి. అది దోవ లెక్క. షరతు ఒకటుంది, ఒక దోవలో ముందు పంపింది ముందే చేరాలి, వెనక వచ్చింది దాటిపోకూడదు.

చేసి చూద్దాం. నేను మొదలుపెట్టినా: 500 రాసుకుని బాకు, యాడికి మార్కర్ పంపినా. బా అప్పటికే 2,000 పంపేసినాడు. మార్కర్ అందగానే 1,000 రాసుకుని మార్కర్ తిప్పి పంపినాడు. 2,000 ముందు బయల్దేరింది కాబట్టి బా మార్కర్ కన్నా ముందే నాకు చేరుతుంది. నేను దాన్ని "బా నుంచి నాకు వచ్చే దోవలో 2,000" అని రాసుకుంటా. యాడి 1,500. ఇప్పుడు కూడండి: 1,000, 500, 1,500, దోవలో 2,000. ఐదు వేలు సరిపోయింది.

అంటే మొత్తం పరిస్థితి అంటే మనుషుల జేబులు మాత్రమే కాదు, దోవలు కూడా. నేను ఆ గురువారం చేసింది మొదటి రకం కూడిక. బా జేబు చూసినా, నా జేబు చూసినా, తేడా వచ్చింది, తేడాకు సారా అని పేరు పెట్టినా. దోవ అని ఒకటి ఉందని నాకు తట్టలేదు. మ్యాథ్స్‌లో మా క్లాస్ ఫస్ట్ నేను.

ఇక ఆ తొమ్మిది రోజుల సంగతి. అదే 1985లో ఫిషర్, లించ్, ప్యాటర్‌సన్ అని ముగ్గురు ఇంకో పేపర్ అచ్చువేసినారు. కబురు ఎంతసేపట్లో చేరాలో హద్దు లేని చోట, ఒక్కరు ఆగిపోయే అవకాశం ఉన్నా చాలు, మిగతావాళ్ళు కచ్చితంగా ఒక మాట మీదికి వస్తారని హామీ ఇచ్చే పద్ధతి ఉండదని రుజువు చేసినారు. పూర్తి రుజువు నాకు సగమే అర్థమయింది. కానీ దాని అడుగున ఉన్న కష్టం అర్థమయింది: అవతలివాడు నెమ్మదిగా ఉన్నాడా, అసలు లేడా అన్నది మౌనాన్ని బట్టి చెప్పలేం. నేను మా బా మౌనాన్ని మొదట తప్పు ఒప్పుకోవడం అనుకున్నా. నాలుగో రోజుకు కోపం అనుకున్నా. ఏడో రోజు రాత్రి సెంట్రింగ్ పని, ఎత్తు మీద పని, ఏమన్నా అయిందేమో అనుకున్నా. మూడూ నేను పెట్టుకున్నవే. అవతల నుంచి వచ్చిన కబురు సున్నా.

మీకు పనికొచ్చే సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే మనలో చాలామందికి ఇట్ల జరిగి ఉంటుంది. యూపీఐలో ఒకరికి పంపిన డబ్బు కట్ అయి అవతల పడకపోతే, మరుసటి రోజు లోపల అది దానంతట అదే వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్‌లో ఉంది. అది దాటితే రోజుకు 100 రూపాయల లెక్కన పరిహారం ఇవ్వాలి. ప్రతి లావాదేవీకి ఆ పన్నెండు అంకెల నెంబరు ఉంటుంది. అది ఉంటే ఎన్నిసార్లు అడిగినా ఒకే లావాదేవీ గురించి అడిగినట్టు, రెండోసారి పంపినట్టు కాదు. కంగారుపడి మళ్ళీ పంపొద్దు, ముందు ఆ నెంబరు రాసిపెట్టుకోండి. చదువురాని మా బా అడిగి రాయించుకున్నది సరిగ్గా అదే నెంబరు. నేను చెప్పలేదు ఆయనకు.

ఇంకొక్క సంగతి, దీనికోసమే అసలు ఈ పోస్ట్ మొదలుపెట్టినా. మన తండాల నుంచి, కాలనీల నుంచి వలసపోయే వాళ్ళు ఎక్కడ లెక్కకు వస్తున్నారు? ఆ మధ్య ఒక సర్వేకి మా తండాకు వచ్చినప్పుడు సగం ఇళ్ళకు తాళాలు. ముసలివాళ్ళు, చిన్నపిల్లలు ఉన్నారు. తాళం వేసిన ఇల్లు అని రాసుకుని పోయినారు. బెంగళూరులో మా బా వాళ్ళుండే రేకుల షెడ్డుకు ఎవరూ వచ్చింది లేదు. అక్కడ అడిగితే ఊరివాళ్ళు కాదు అంటారు, ఇక్కడ అడిగితే ఊర్లో లేరు అంటారు. రెండు చోట్లా రాసినవాళ్ళు అబద్ధం రాయలేదు. మనుషులు దోవలో ఉన్నారు, దోవకు కాలమ్ లేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే, వలస పోకుండా ఊర్లోనే వంద రోజులు పని దొరకాలని. అయినా ఎండాకాలం రాత్రి బెంగళూరు బండి జనరల్ పెట్టె ఎక్కి చూడండి, సగం తండా కనబడుతుంది.

జనగణన వాళ్ళకు ఈ కష్టం తెలుసు. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇల్లిల్లూ తిరిగినారు, ఇల్లు లేనివాళ్ళను 28 రాత్రి ఒక్క రాత్రే లెక్కపెట్టినారు, మళ్ళీ మార్చి 1 నుంచి 5 దాకా తిరిగి ఆ మధ్యలో పుట్టినవాళ్ళను, పోయినవాళ్ళను సరిచేసినారు. ఇప్పుడు 2027 జనగణనకు మార్చి 1 సున్నా గంటలు అని క్షణం పెట్టినారు. అది ఆ పక్షుల ఫోటో లాంటిదే, నూట నలభై కోట్ల పక్షులు. ఫిబ్రవరి అంటే మనవాళ్ళు పనులకు పోయి ఉండే కాలం. అందుకని నాది ఒక చిన్న మాట. ఎవరి తండాలో వాళ్ళం, ఎవరు ఏ ఊరికి పోయినారు, ఎవరితో పోయినారు, ఏ నెంబరుకు చేస్తే దొరుకుతారు అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసిపెడదామా? పోయిన రోజూ రాయాలి, చేరిన రోజూ రాయాలి. మా తండాలో నేను, మా చెల్లెలు మొదలుపెట్టినాం. ఇప్పటికి ముప్పై ఒక్క ఇళ్ళు అయినాయి. నాయక్ గారు మొదట ఎందుకని అడిగినారు, తర్వాత ఆయనే కూర్చుని పేర్లు చెప్పినారు.

దీపావళికి బా ఇంటికి వచ్చినాడు. నేను ఫోనులో అన్న మాట గురించి ఆయన ఎత్తలేదు, నేనే ఎత్తినా. "పోనీలే" అన్నాడు. ఆ "పోనీలే" నాకు సరిపోలేదు. వాకిట్లో రాళ్ళు పెట్టి మొత్తం చూపించినా. మూడు గీతలు, మూడు గుంపులు, నడుమ రెండు రాళ్ళు. యాడి కూడా వచ్చి కూర్చుంది. మార్కర్‌కు ఒక పుల్ల పెట్టినా. బా అంతా విని, నడుమ ఉన్న రెండు రాళ్ళు చూపించి, "మరి ఈ నడిమి లెక్క ఎవరు రాయల్ల? నేనా, నువ్వా?" అన్నాడు.

"ఎవరికి చేరాల్సి ఉందో వాళ్ళే, బా."

"అంటే నువ్వు."

"నేనే."

యాడి నవ్వింది. బా ఆ రెండు రాళ్ళూ తీసి చేతిలో ఎగరేస్తూ, "ఇవి మీ కాకా జేబులో కూర్చుని నాలుగు రోజులు పెళ్ళి భోజనం తిన్నాయి, అది కూడా రాసుకో" అన్నాడు.